ఆసిఫాబాద్ గోండుల వంశస్మృతి: స్వనామం, నమోదు

2016 అక్టోబర్ 11న ఏర్పడిన కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా తన పేరులోనే ఒక గోండు గోత్రనామాన్ని మోస్తున్నది. కుమ్రం అనేది ఇంటిపేరు మాత్రమే కాదు, వంశసూచిక కూడా. అయితే 'గోండు' అన్న పేరు ఇరుగుపొరుగువారు పెట్టినది; వారు తమను తాము 'కోయితూర్' అని చెప్పుకుంటారు. గోదావరి లోయలోని కోయల స్వనామం కూడా ఇదే. ప్రాంతం మారగానే ప్రభుత్వ పత్రాలలో ఒకే స్వనామం రెండు తెగలవుతున్నది.

పూర్వీకుల మూలం నమోదులో మారిపోవడం ఇక్కడికే పరిమితం కాదు. అమెరికా జనగణనలో ఆంగ్ల మూలం చెప్పుకున్నవారు 1980లో దాదాపు 4.96 కోట్లు, 1990లో 3.27 కోట్లు. పదేళ్లలో అంత వంశం అంతరించలేదు; దక్షిణ రాష్ట్రాలలో అనేకులు 'అమెరికన్' అని రాసుకోగా, యూటా, మెయిన్ రాష్ట్రాలలో ఆంగ్ల మూలం బలంగా కనిపించింది.

మన దేశంలో ఈ సమస్య భాష రూపంలో ఎదురవుతుంది. 2011 జనగణనలో గోండీ మాతృభాషగా నమోదైనవారు సుమారు 29.8 లక్షలు, గోండుల సంఖ్య కోటికి పైగా ఉన్నది. మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్‌లలో అత్యధికులు హిందీకో ఛత్తీస్‌గఢీకో మారారు. భాషే వంశానికి కొలమానమైతే వారిలో అధికభాగం లెక్కకు రాదు.

ఆసిఫాబాద్ ప్రాంతంలో భాష నిలిచింది. కాని వంశస్మృతిని నిలిపినది భాష ఒక్కటే అనుకోవడం పొరపాటు. 1940లో జోడేఘాట్ పోరాటం అణచివేత తరువాత నిజాం ప్రభుత్వం పంపగా వచ్చిన హైమెన్‌డార్ఫ్, నాలుగు, అయిదు, ఆరు, ఏడు దేవతల 'సగ'లుగా గోండు సమాజం విభజితమైనదనీ, ఒకే సగలో వివాహం నిషిద్ధమనీ వివరంగా నమోదు చేశాడు. ఆ సగల పుట్టుపూర్వోత్తరాలను కిక్రి వాయిస్తూ గానం చేసేవారు ప్రధానులు. విశేషమేమంటే ప్రధానుల ఇంటి భాష మరాఠీ, గానం గోండీలో. ఒక జాతి వంశచరిత్రను మరో మాతృభాష గలవారు తరతరాలుగా కాపాడుతున్నారు. మాతృభాష గడిలో ఈ బంధానికి చోటు లేదు.

తెలుగు శాఖలు ఈ గానాన్ని జానపద సాహిత్యంగా సేకరించినంతగా వంశచరిత్రకు ఆధారంగా పరిశీలించలేదు. గుంజాల రాతప్రతులు వెలుగులోకి వచ్చాక ఆ లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. అంతటి శ్రద్ధ కిక్రి కథకుల పాఠాంతరాలకు దక్కలేదు. ఏ గ్రామంలో ఏ ప్రధాను కుటుంబం ఏ గోత్రానికి పాడుతున్నదో పట్టిక వేయడం తక్షణం జరగవలసిన పని. వృద్ధ గాయకుడు పోతే ఆ గోత్రపు వరుసలో ఒక పాఠం పోతుంది.