వాతావరణ మార్పు – సమకాలీన కళ: కాలం కళాసామగ్రి అయిన క్రమం

వాతావరణ మార్పుకు స్పందించిన కళ చరిత్రలో 1982 నాటి రెండు కృతులను తొలి మెట్లుగా చూపడం కద్దు. అయితే అప్పటికి భూతాపం శాస్త్రజ్ఞుల చర్చలో ఉన్న విషయమే గాని, ప్రజల వాడుకలోకి వచ్చిన మాట కాదు. వాతావరణ మార్పుపై అంతర్ ప్రభుత్వ సంఘం ఏర్పడింది 1988లో. అందువల్ల ఆ కృతులను ఏ ప్రాతిపదికన ఈ చరిత్రలో చేర్చవచ్చునో పరిశీలించవలసి ఉంది.

హంగరీలో జన్మించి అమెరికాలో స్థిరపడిన ఆగ్నెస్ డెనెస్ 1982లో న్యూయార్క్‌లోని మన్‌హటన్ దక్షిణ కొసన, బాటరీ పార్క్ వద్ద పూడ్చిన నేలలో రెండెకరాల గోధుమచేను వేశారు. రాళ్లూ చెత్తా ఏరించి, చాళ్లు తీయించి, చేత్తోనే విత్తనం వేయించారు. ఆగస్టులో పంట కోశారు. చేనుకు చేరువలోనే వాల్ స్ట్రీట్ ఉంది. అత్యంత ఖరీదైన నేలలో తిండిగింజలు పండించిన ఈ కృతి ప్రధానంగా భూమి విలువనూ ఆకలినీ ప్రశ్నించింది. భూతాపం దానికి కేంద్రవస్తువు కాదు.

అదే ఏడాది జర్మనీలోని కాసెల్ నగరంలో జరిగిన ఏడవ డాక్యుమెంటా ప్రదర్శనలో యోసెఫ్ బాయిస్ ‘7000 ఓక్ చెట్లు’ ప్రారంభించారు. మ్యూజియం ముందు 7,000 బసాల్టు రాళ్లను గుట్టగా పోయించి, నాటిన ప్రతి చెట్టు పక్కన ఒక రాయి పాతాలని నియమం పెట్టారు. గుట్ట ఎంత తరిగితే నగరంలో చెట్లు అంత పెరిగినట్లు. 1986లో బాయిస్ మరణించారు. చివరి చెట్టును 1987లో ఆయన కుమారుడు నాటారు.

ఈ రెండింటికీ సామ్యం వస్తువులో కంటె కాలాన్ని వినియోగించిన తీరులో కనిపిస్తుంది. విత్తు నుంచి కోత వరకు ఒక కృతి సాగితే, కర్త ఆయుర్దాయాన్ని దాటి మరొకటి సాగింది.

మూడు దశాబ్దాల తరవాత ఓలాఫర్ ఎలియాసన్, భూగర్భ శాస్త్రవేత్త మినిక్ రోసింగ్ కలిసి రూపొందించిన ‘ఐస్ వాచ్’ ఈ పద్ధతిని తలకిందులు చేసింది. గ్రీన్‌లాండ్ సముద్రపాయలో తేలుతున్న మంచుదిమ్మెలను 2014లో కోపెన్‌హేగన్‌కు, 2015లో పారిస్‌కు, 2018లో లండన్‌కు తరలించారు. వాతావరణ సదస్సు జరుగుతున్న పారిస్‌లో 12 దిమ్మెలను గడియారపు అంకెల వలె వలయంగా అమర్చారు. ‘వాచ్’ అనే మాటకు గడియారమనీ, కనిపెట్టుకొని ఉండడమనీ రెండర్థాలున్నందున పేరులోనే శ్లేష ఉంది. కాసెల్‌లో కాలం కృతిని పెంచగా, ఇక్కడ కాలమే దానిని కరిగించింది.

మంచును అంత దూరం తరలించడానికి ఇంధనం కావాలి. పారిస్ ప్రదర్శన వల్ల కలిగిన ఉద్గారాలు 30 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమని నిర్వాహకులే లెక్క ప్రకటించారు. హెచ్చరించే కృతి తానూ ఆ నష్టంలో భాగస్వామి అయింది. ఈ వైరుధ్యాన్ని దాచకపోవడం కృతికి నిజాయితీని ఇచ్చింది గాని, వైరుధ్యాన్ని తొలగించలేదు.

కాబట్టి 1982 నాటి కృతులను ఉద్దేశం రీత్యా వాతావరణ కళగా పరిగణించడం సమంజసం కాదు. నిర్మాణం రీత్యా మాత్రం అవి దానికి పూర్వరూపాలు. కంటికి కనిపించనంత నిదానంగా సాగే మార్పును అనుభవంలోకి తేవడానికి కాలాన్నే సామగ్రిగా చేసుకోవచ్చునని అవి ముందే నిరూపించాయి. చేను కోతతో ముగిసింది, మంచు కరిగిపోయింది, కాసెల్ చెట్లు నేటికీ సంరక్షణ కోరుతున్నాయి. ఈ కళను విలువకట్టేటప్పుడు అది ఏమి చూపిందన్న దానితో పాటు, దేనిని ఖర్చుచేసి దేనిని మిగిల్చిందన్నది కూడా ప్రమాణం కావాలి.