పళ్ల మీదుగా గొంతులోకి

‘నోరు తెరువు, ఆ అను’ అని డాక్టరు టార్చి వేస్తాడు. వెలుగు పళ్ల మీదుగానే గొంతులోకి వెళుతుంది, చూపు మాత్రం పళ్ల దగ్గర ఆగదు. ఆయన్ని అనడానికేం లేదు, నేర్పిన చదువే అది. అమెరికాలో ఈ చదువు ఎలా వచ్చిందో తెలియాలంటే 1840 దాకా వెనక్కి వెళ్లాలి.

ఆ ఏడాది హొరేస్ హేడెన్, చాపిన్ హారిస్ కలిసి బాల్టిమోర్‌లో ప్రపంచంలోనే మొదటి దంతవైద్య కళాశాల పెట్టారు. అంతకుముందు ఊళ్లోని వైద్య కళాశాలలో ఈ పాఠం చెబుతామని అడిగితే అక్కడివాళ్లు పొమ్మన్నారని ఓ కథ ఉంది. చరిత్రకారులు దాన్ని పూర్తిగా నమ్మరు. కథ ఏదైతేనేం, వైద్యానికీ దంతవైద్యానికీ వాటాలు మాత్రం పడ్డాయి. దంతవైద్యం వైద్యంతో సమానమైన శాస్త్రమేనని 1926లో జీవరసాయన శాస్త్రవేత్త విలియం గీస్ తన నివేదికలో గట్టిగా వాదించాడు. దాంతో దంత కళాశాలల చదువు స్థాయి పెరిగింది గానీ మధ్య గోడ అలాగే నిలిచింది. 1965లో వృద్ధుల కోసం మెడికేర్ బీమా తెచ్చినప్పుడు మామూలు పంటి వైద్యాన్ని గుమ్మం బయటే ఉంచేశారు.

కదలిక వచ్చింది 2000లో. అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య ప్రతినిధి అయిన సర్జన్ జనరల్ డేవిడ్ సాచర్ నోటి ఆరోగ్యం మీద ఆ పదవి నుంచి తొలి నివేదిక వెలువరించి, నోరు బాగులేనిదే ఒళ్లు బాగుండదని తేల్చాడు. ఆ రోజుల్లోనే నార్త్ కరోలినాలో పసిపిల్లల డాక్టర్లు పుచ్చు రాకుండా పళ్లకు ఫ్లోరైడ్ వార్నిష్ పూయడం మొదలుపెట్టారు. పేదల ప్రభుత్వ బీమా మెడికెయిడ్ దానికి డబ్బు ఇచ్చింది. లెక్క సులువు: టీకాల కోసం బిడ్డ రెండేళ్లలోపు డాక్టరు దగ్గరికి ఎన్నోసార్లు వెళుతుంది, దంతవైద్యుడి ముఖం చూడటం అరుదు. (ఫ్లోరైడ్ అనగానే నల్లగొండలో వంగిన నడుములు గుర్తొచ్చే మనకు ఇది వింతగా తోస్తుంది. అక్కడ నీళ్లలో మోతాదు మించింది, ఇక్కడ పంటి మీద పలచటి పూత.)

డాక్టర్లు పూయాలంటే ముందు వాళ్లకు నేర్పాలిగా. ఫ్యామిలీ మెడిసిన్ ఉపాధ్యాయులు 2005లో ‘స్మైల్స్ ఫర్ లైఫ్’ అనే పాఠ్యక్రమం తయారుచేశారు. నాకు ఇందులో నచ్చేది పసివాళ్ల నోరు చూసే పద్ధతి. తల్లీ డాక్టరూ మోకాళ్లు ఆనించి ఎదురెదురుగా కూర్చుంటారు. బిడ్డ తల డాక్టరు ఒళ్లో, కాళ్లు తల్లి వైపు. కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసే మన అమ్మమ్మలకు ఈ కిటుకు కొత్తేం కాదు. పై పెదవి ఎత్తి చూస్తే చిగురు పక్కన సుద్దలాంటి తెల్లటి గీత కనిపిస్తుంది. పుచ్చు మొదలవుతోందన్నమాట, ఇంకా వెనక్కి మళ్లించొచ్చు. గర్భిణుల చిగుళ్ల వాపు, చక్కెర వ్యాధికీ చిగుళ్లకీ ఉన్న ముడి, నోరు ఎండగొట్టే మందులు కూడా పాఠాల్లో చేరాయి.

2007లో మేరీలాండ్‌లో పన్నెండేళ్ల కుర్రాడు చనిపోయాడు. పుచ్చుపంటి చీము మెదడుకు పాకింది. 80 డాలర్లతో పీకించేస్తే పోయే పన్ను. దంతవైద్య విద్యకు పునాది పడిన బాల్టిమోర్ ఉన్నది ఆ రాష్ట్రంలోనే అన్న సంగతి మనసులోంచి పోదు. మరుసటి ఏడే వైద్య కళాశాలల సంఘం నోటి ఆరోగ్యంలో విద్యార్థికి ఏమేం రావాలో రాసి పెట్టింది. అయినా 2011లో అచ్చయిన సర్వేలో, జవాబిచ్చిన 88 కళాశాలల్లో దాదాపు 70 శాతం నాలుగేళ్ల చదువులో దీనికి ఐదు గంటలు కూడా ఇవ్వడం లేదని తేలింది.

తల, కళ్లు, చెవులు, ముక్కు, గొంతు: రోగి పరీక్షలో ఈ వరుసను ఇంగ్లీషు పొడి అక్షరాలతో ‘హీంట్’ అని గుర్తుపెట్టుకుంటారు. 2015లో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో నర్సింగ్ ఆచార్యురాలు జుడిత్ హేబర్ బృందం ముక్కుకీ గొంతుకీ మధ్య నోటికి ‘ఓ’ చేర్చి ‘హీనాట్’ చేసింది. ఒక్క అక్షరమే, కానీ కేసు షీటులో నోటికంటూ ఒక గడి వచ్చింది. ఆ గడిలో పుచ్చు అని రాసి, దంతవైద్యుడికి చీటీ ఇచ్చి పంపిన ముసలాయనకు మాత్రం ఆ పంటి వైద్యం ఖర్చు మెడికేర్ ఇవ్వదు.