ఆడు: నాటకం నుంచి సినిమా దాకా ఒక క్రియ

తెలుగులో ‘ఆడు’ క్రియకు మూలార్థం కదలడం. గాలికి ఆకు ఆడుతుంది, ఉక్కపోతలో ఊపిరాడదు, కృష్ణా పుష్కరాల్లో జనం స్నానమాడతారు, డెల్టా పల్లెల్లో వడ్లు మరాడిస్తారు. నాలుక కదలికా దీని కిందికే వచ్చింది: అబద్ధమాడటం, మాటలాడటం. ‘మాటలాడు’ కుదించుకుపోయి ‘మాట్లాడు’ అయింది. కన్నడంలో ‘మాతాడు’, తమిళంలో స్నానానికి ‘నీరాడు’ ఉన్నాయి కనుక ఈ ధాతువు ఈ భాషలు విడిపోకముందటిదే. ఇంగ్లీషు ‘ప్లే’ చరిత్రా ఇలాంటిదే. దాని పాత రూపం ‘ప్లెగియన్’కు చురుగ్గా కదలడం, ఆడుకోవడం, వాద్యం వాయించడం అనే అర్థాలుండేవి. తెలుగువాళ్లు మాత్రం వాద్యాన్ని ఆడరు, వాయిస్తారు.

పాడు నుంచి పాట వచ్చినట్టు ఆడు నుంచి ఆట వచ్చింది. ప్రదర్శనను ఆట అనడం సినిమాతో మొదలైంది కాదు. తోలుబొమ్మలాట పేరులోనే అది ఉంది. కూచిపూడి భాగవతులు ఊరూరా తిరిగి భామాకలాపం ఆడారు. పద్యనాటకాల కాలం వచ్చాక మైలవరం జమీందారు ఆదరణతో బాలభారతీ నాటక సమాజం వెలిసింది. జనం దాన్ని మైలవరం కంపెనీ అనేవారు. యడవల్లి సూర్యనారాయణ వంటి మేటి నటులు, హార్మోనియం విద్వాంసుడు పాపట్ల కాంతయ్య అందులో పనిచేశారు. ఆ రోజుల్లో ‘ఆడు’ క్రియకు కర్త మనిషే: కంపెనీవాళ్లు నాటకం ఆడారు, ఫలానా నటుడు ఆడాడు.

1921లో బెజవాడలో మారుతీ సినిమా హాలు వచ్చింది. అప్పటివి మూకీలు. సినిమా ప్రదర్శనలకూ పాత మాటే అంటుకుంది: మొదటి ఆట, రెండో ఆట. వాక్యంలో కర్త మాత్రం మారిపోయింది. హాల్లో నటులు లేరు, తెరమీద కదిలే బొమ్మ ఉంది. అందుకే సినిమాను ‘బొమ్మ’ అన్నారు, ‘బొమ్మ ఆడింది’ అన్నారు. మనుషులు ఆడే నాటకం స్థానంలో తనంతట తానే ఆడే సినిమా వచ్చి, క్రియ మళ్లీ తన మూలార్థానికి, కదలికకు, దగ్గరైంది.

ఆ తర్వాత మరో అర్థం చేరింది. ‘వంద రోజులు ఆడింది’ అంటే విజయం. ‘సినిమా ఆడలేదు’ అంటే హాల్లో వెయ్యలేదని కాదు, జనం రాలేదని. హాలువాళ్లు సినిమా వేస్తారు. అది ఆడిందో లేదో టిక్కెట్లను బట్టి చెబుతారు.