సానరాయి - జపాను వంటకత్తి

జపాను భాషలో వంటకత్తికి ‘హోచో’ అని పేరు. ఆ పేరు కొలిమి నుండి పుట్టినది కాదు; ఒక కథ నుండి పుట్టినది. ప్రాచీన చీనా తత్త్వవేత్త చువాంగ్ ట్జు పేరిట వెలసిన గ్రంథమున మూడవ అధ్యాయమందు డింగ్ అను వంటవాని వృత్తాంతము కలదు. అతడు వెన్‌హుయి ప్రభువు ఎదుట ఎద్దును ఖండించును. సామాన్యుడు నెలకొక కత్తిని, నేర్పరి యేడాదికొక కత్తిని మార్చుచుండగా, డింగ్ కత్తి 19 సంవత్సరములు వాడినను అప్పుడే సాన నుండి తీసినట్లున్నది. కీళ్ల సందులెరిగి పోనిచ్చుటచేత దానికి అరుగుదల లేదు. చీనా భాషలో ‘పావో’ అనగా వంటశాల. ‘డింగ్’ అతని పేరు. ఈ రెండక్షరములనే జపానువారు ‘హోచో’ అని పలికిరి. ఆ మాట మొదట వంటవానికి చెల్లెను. పిమ్మట వంటపనికి చెల్లెను. తుదకు ‘హోచో కత్తి’ యని వాడి వాడి, ‘కత్తి’ని విడిచి, పరికరమునకే పేరైనది.

ఇందొక వైపరీత్యము కలదు. అరుగుదల యెరుగని కత్తి కథ నుండి పేరు పొందిన ఈ సాధనమే జపానుదేశమున నిత్యము సానకెక్కి, నిత్యము అరుగుచు, అరుగుటయందే తన జీవితమును గడుపునదైనది. కత్తుల చరిత్ర వ్రాయువారు కొలిమిని, సమ్మెటను, కమ్మరిని ప్రశంసింతురు. నూరిన చేతిని, ఆ చేతికి తోడైన రాతిని తలచువారు తక్కువ. ఉక్కు కమ్మరి యిచ్చునది. పదును మాత్రము ఏనాటికానాడు వేరొకరు సంపాదింపవలసినది. ఈ రెండవవారి చరిత్రను కొంత తడవుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

మొదట రాతిని గూర్చి చెప్పవలెను. జపానువారు సానరాళ్లను మూడు తరగతులుగ విభజింతురు. ముక్కలైన అంచును సరిచేయు గరుకురాయి ‘అరాతో’. నిత్యోపయోగమునకు తగిన నడిమిరాయి ‘నకాతో’. తుది మెరుగు నిచ్చు నున్నని రాయి ‘అవసెదో’. క్యూషూ ద్వీపమునకు పడమటనున్న అమకుసా దీవుల రాయి, షికోకు ద్వీపమున ఇయో సీమ రాయి, క్యోటో నగరమునకు పడమట నరుతకి, ఉమెగహతా కొండల రాయి పూర్వము నుండియు పేరెన్నిక గన్నవి. వీనిలో తుది మెరుగునకు క్యోటో రాయికి సాటి లేదని పనివారి మాట.

ఆ రాతి పుట్టుక విచిత్రమైనది. సుమారు 25 కోట్ల సంవత్సరములకు పూర్వము భూమిపై ప్రాణికోటిలో అధికభాగము నశించిన మహావిపత్తు సంభవించెను. అంతకు ముందు మహాసముద్రపు లోతులలో సూక్ష్మజీవుల సిలికా కవచములు పేరుకొని చెకుముకిని బోలు కఠినశిల యేర్పడుచుండెను. ఆ జీవులు క్షీణించిన కాలమున ఆ తావున మిక్కిలి సన్నని ఒండు మాత్రమే నిదానముగ దిగుచు వచ్చినది. సముద్రపు అడుగు కదలి కదలి జపాను భూభాగమునకు ఒరసికొనగా ఆ ఒండు కొండయై పైకి లేచెను. భూగర్భశాస్త్రజ్ఞులు అట్టి శిలకు సానరాతి పేరునే పెట్టియున్నారు. వంటవాడు తన కత్తిని నూరుకొను నున్నని పొర, ప్రాణము సన్నగిల్లిన యుగము విడిచిపోయిన జాడ యన్నమాట.

ఇయో రాతి కథ యింకొక తీరున సాగినది. ఆ గనులున్న ఊరు తోబె. ఆ పేరులోని మొదటి అక్షరమునకే సానరాయి యని అర్థము. గనులయొద్ద రాతిపొట్టు గుట్టలుగ పడియుండెడిది. దానిని నలగగొట్టి పింగాణి చేయవచ్చునని అక్కడివారు ప్రయత్నించి, 1777లో కృతార్థులైరి. నేడును తోబె పింగాణి జపానున ప్రసిద్ధము. కత్తిని నూరగా మిగిలినది కంచమైనది.

ఇక వంటకత్తి చరిత్ర. నారా నగరమందలి షోసోయిన్ భాండాగారమున ఎనిమిదవ శతాబ్దము నాటి వంటకత్తులు భద్రముగ నున్నవి. అవి సన్నగ, పొడవుగ ఉండి, నేటి వంటకత్తి కంటె చిన్న ఖడ్గమును తలపించును. తొమ్మిదవ శతాబ్దమున కోకో చక్రవర్తి (884–887) ఆజ్ఞచే ఫుజివారా నొ యమకగె అను ప్రభువు చేపను కోయు విధికి శాస్త్రము నేర్పరచెనని ప్రతీతి. ఆ సంప్రదాయము వారు కుడిచేత కత్తిని, ఎడమచేత లోహపు పుల్లలను పట్టి, చేపను చేతితో తాకకయే ఖండింతురు. అది నేటికిని ఉత్సవములందు జరుగు క్రతువు. సభాసదులు చూచునది చేతి లాఘవమును. ఆ లాఘవమునకు ఆధారమైన పదునును చూచువారు లేరు. అది సభకు రాకముందే, ఎవరి కంటను పడక, రాతి మీద సిద్ధమైనది.

పదునును గూర్చి ఆలోచించిన రచయిత ఒకడు పదునాల్గవ శతాబ్దమున కనిపించును. యొషిదా కెంకో సుమారు 1330లో కూర్చిన ‘త్సురెజురెగుసా’ యందు, మంచి పనివాడు ఒకింత మొద్దుగనున్న కత్తినే వాడునను లోకోక్తిని స్మరించి, మ్యోకన్ అను శిల్పి కత్తిని ఉదాహరించెను. దీనిని పదునుకు నిందగ గ్రహింపరాదు. ఎంతవరకు పదునుపెట్టవలెనో తెలియుటయే పదును యొక్క పరమార్థమని నా తాత్పర్యము. వంటకత్తులయందు ఈ వివేకము ప్రత్యక్షమగును. చేప తలను, ఎముకను కొట్టు ‘దెబా’ కత్తికి అంచు మరీ సన్నమైనచో విరుగును. పచ్చిచేపను పలుచని ముక్కలుగ కోయు ‘యనగిబా’ కత్తికి అంచు మందమైనచో మాంసము నలిగి రుచి చెడును. ఒకే రాయి, ఒకే చేయి. నూరు కోణము మాత్రము వేరు.

ఖడ్గములను నూరువారికి జపానున గొప్ప గౌరవము ఉండెను. క్యోటోలోని హొన్‌అమి వంశము తరతరములుగ ఖడ్గములకు సానపట్టి, వాని మంచిచెడ్డలు నిర్ణయించుచు పేరు పొందినది. ఆ వంశమున 1558లో జన్మించిన హొన్‌అమి కొయెత్సు అక్షరశిల్పి, కుండలు చేసిన కళాకారుడు, లక్కపనిలో నిపుణుడు. సగా గ్రామమున సుమినొకురా సోవన్ అను వర్తకుడు ముద్రింపించిన సుందర గ్రంథములు కొయెత్సు పేరుతో ముడిపడియున్నవి. 1608 నాటి ‘ఇసె కథలు’ ఆ ముద్రణలలో నొకటి. ఉక్కులోని మెరుపును దినమెల్ల పరీక్షించు ఇంటి బిడ్డ, కాగితము మీది సిరాగీత నునుపును అంత సూక్ష్మముగ గుర్తించుట కాకతాళీయము కాదేమో! అయితే ఆ గౌరవమెల్ల ఖడ్గమునకే. వంటకత్తిని నూరినవాని పేరు ఏ వంశావళియందును చేరలేదు.

ఆ పేరులేనివారి నగరము సకాయి. ఒసాకాకు దక్షిణముననున్న ఈ రేవునందు అయిదవ శతాబ్దపు మహాసమాధుల నిర్మాణమునకు పనిముట్లు చేసిన కమ్మరులు నెలకొనిరని చెప్పుదురు. 1543లో పోర్చుగీసువారు తనెగషిమా దీవికి తుపాకిని తెచ్చిరి. పిమ్మట పొగాకును వచ్చినది. పొగాకును సన్నగ తరుగు కత్తులు సకాయిలో తయారై, తొకుగవా ప్రభుత్వపు ముద్రతో దేశమెల్ల వ్యాపించెను. 1684 నాటి ‘సకాయి కగమి’ అను గ్రంథము దెబా కత్తి ప్రస్తావన చేయుచు, దానిని చేసిన కమ్మరికి ఎత్తుపండ్లు ఉండుటచేత ఆ పేరు వచ్చెనని చెప్పును. పండ్ల వలన కమ్మరి కత్తికి పేరైనను ఇచ్చెను. దానిని నూరినవానికి ఆ భాగ్యమును లేదు.

సకాయి పద్ధతిలో ఒక కత్తి ముగ్గురి చేతుల మీదుగ పోవును. కమ్మరి మెత్తని ఇనుమునకు ఉక్కును అతికి, కాల్చి, సాగగొట్టి, నీట ముంచి గట్టిపరచును. అతడు ఇచ్చునది నల్లని, మొద్దైన రేకు. నూరువాడు దానిని తిరుగు సాన మీదను, రాతి మీదను పట్టి వాదర తీయును. మూడవవాడు కర్రపిడి తొడుగును. ఈ శ్రమవిభాగము నేటికిని సాగుచున్నది. అలుగు మీద చెక్కు పేరు తరచు అమ్మువానిది. సకాయి కత్తిపనిని 1982లో జపాను ప్రభుత్వము సంప్రదాయ శిల్పముగ గుర్తించినది.

1876లో మెయిజీ ప్రభుత్వము సామాన్యులు, సమురాయిలు బహిరంగముగ ఖడ్గము ధరించుటను నిషేధించెను. ఖడ్గములు చేసి బ్రతికినవారు పలువురు వంటకత్తులకును, కత్తెరలకును మరలిరి. ఆ మార్పు సంపూర్ణమైనదని భ్రమపడరాదు. 1904లో రష్యాతో యుద్ధము జరుగుచుండగా, సకాయి మిఠాయి వర్తకుని ఇంట పుట్టిన కవయిత్రి యొసానో అకికో, సైన్యములోనున్న తమ్ముని ఉద్దేశించి, ప్రాణము పోగొట్టుకొనవద్దని కవిత వ్రాసెను. మనుష్యులను చంపుటకై కన్నవారు నీ చేత ఆయుధముంచిరా యని ఆమె అడిగిన ప్రశ్న దేశమున గొప్ప వివాదము రేపెను. కత్తుల ఊరి ఆడుబిడ్డ నోట ఆ ప్రశ్న పుట్టుటలో ఔచిత్యము కలదు. రాతికి విచక్షణ లేదు. అది వంటకత్తికిని ఖడ్గమునకును ఒకే పదును నిచ్చును. విచక్షణ అంతయు నూరు మనిషిదే.

నూరు విధానమును కొంత వివరింతును. సంప్రదాయపు జపాను వంటకత్తికి ఒకవైపుననే ఏటవాలు ఉండును. రెండవ ముఖము కొంచెము పల్లముగ తొలిచియుండును. వంటవాడు నడిమిరాతిని నీట తడిపి, ఏటవాలును రాతికి పూర్తిగ ఆనించి, ఎడమచేతి వ్రేళ్లతో అంచుకు దగ్గరగ అదిమి, ముందుకు వెనుకకు నడపును. రాయి అరిగి బురద వచ్చును. అనుభవము లేనివాడు దానిని కడిగివేయును, తెలిసినవాడు నిలుపుకొనును. పని చేయునది చాలవరకు ఆ బురదయే. కొంతసేపటికి రెండవ ముఖపు అంచున, వ్రేలికి మాత్రము తగులు సన్నని ఉక్కుపొర మడత తేలును. అది మొదలు నుండి కొన వరకు ఎడతెగక తగిలినప్పుడే నడిమిరాతి పని ముగిసినట్లు. పిమ్మట నున్నని రాతి మీద పట్టి, కత్తిని త్రిప్పి, వెనుక ముఖమును చదునుగ ఆనించి, ఆ పొరను మెల్లగ తీసివేయవలెను. వెనుకవైపు అధికముగ నూరినచో ఆ పల్లము పోవును. పల్లము పోయిన కత్తికి మునుపటి తీరు తిరిగి రాదు.

క్యోటో రాతి మీద నూరిన కత్తిని వెలుతురున పట్టి చూచినచో ఉక్కు అద్దమువలె మెరయును. దాని మీది మెత్తని ఇనుము మంచు కప్పినట్లు మసకగ నుండును. ఈ మసకను పనివారు ‘కసుమి’ యందురు. మంచుతెర యని దాని అర్థము. కత్తితో బాటు రాయియు అరిగి నడుమ గుంటపడును. గుంటపడిన రాతి మీద ఎంత నూరినను అంచు తిన్నగ రాదు గనుక రాతిని రాతితో నూరి చదును చేయవలెను. కత్తిని దిద్దునది తన్ను తాను దిద్దుకొనుచుండవలె నన్నమాట.

1891లో అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ సిలికాన్ కార్బైడ్ అను కృత్రిమ పదార్థమును కనుగొనెను. తరువాతి కాలమున అట్టి రేణువులను అచ్చుపోసి చేసిన రాళ్లు జపానునందును వాడుకలోనికి వచ్చినవి. నేడు 1000 సంఖ్య గలది నడిమిరాయి, 6000, 8000 సంఖ్యలు గలవి తుది మెరుగురాళ్లు. ఇందువలన మేలు కలిగినదనుట న్యాయము. గనిలో దొరకు రాయి ఒకదానివలె ఒకటి ఉండదు, మంచిది బహుమూల్యము. అచ్చురాయి బీద వంటవానికిని అందును. కాని క్యోటో చుట్టునున్న గనులు చాలవరకు మూతపడినవి. ఉన్న రాళ్లు అరుగుచున్నవి. రాతితో బాటు, రాతిని తట్టి, తడిపి, గోటితో గీచి దాని గుణము చెప్పగల కన్నును, చేయియు తరుగుచున్నవి. సంఖ్య రేణువు పరిమాణమును చెప్పును. రాతి స్వభావమును చెప్పదు.

అనువాదము చేయువారికి ఇందొక ముచ్చట కలదు. జపాను భాషలో కత్తిని నూరుటకు ‘తొగు’ అందురు; బియ్యము కడుగుటకును అదే క్రియ. మన తెలుగున ‘నూరు’ అను క్రియ కత్తికిని, కారమునకును సమానము. రెండు భాషలును ఆయుధమును, అన్నమును ఒకే క్రియతో ముడివేసినవి. నిఘంటువులో సమానార్థకము వెదకి తృప్తిపడినచో ఈ బంధుత్వము చేజారును. జపానువారు పరిశోధనకు వాడు ‘కెంక్యూ’ అను మాటలో మొదటి అక్షరమునకును నూరుట యనియే అర్థము. సంస్కృతమున భర్తృహరి, క్షీణించియు శోభించువానిని లెక్కించుచు, సానపట్టిన మణిని మొట్టమొదట పేర్కొనెను. ఏనుగు లక్ష్మణకవి తెనిగింపు వలన ఆ భావము మనకు చిరపరిచితము. ‘శాణ’మే మన ‘సాన’.

ఇట్టి మాటలు పండితుల గ్రంథములలో కంటె పనివారి నోట అధికముగ నుండును. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వ్యవసాయ పదములతో మాండలిక వృత్తిపదకోశమును ఆరంభించుటకు కారణమును ఇదియే. నూరువాని మాటలను వ్రాసికొనునట్టి వారు ప్రతి భాషయందును ఉండవలెను. జపానున కొన్ని దేవాలయముల ఆవరణలలో అరిగిపోయిన వంటకత్తులకు స్మారకములు కట్టిరి. అచట సమర్పింపబడు పాత కత్తిపై అమ్మినవాని పేరు చదువవచ్చును. దానిని ఇన్నేండ్లు నూరినవాని పేరు లేదు; ఒకనాడు మూడు వ్రేళ్ల వెడల్పుండి నేడు ఒక వ్రేలి వెడల్పునకు దిగిన ఆ అలుగులో, లేని ఉక్కు ఎంతయో అంతయు వాని పనియే.