కొండ ఒడిలో కొలను
ఇంగ్లండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్ జాతీయ ఉద్యానం మీద వచ్చిన ఒక అనువాద వ్యాసంలో ‘కొండమీది చెరువు’ అన్న మాట చదివి మనసు చివుక్కుమంది. చెరువంటే కట్ట, తూము ఉండాలి, నిండితే అలుగు పారాలి. అది మనిషి కష్టం. అక్కడి లోయలను తొలిచినవి హిమానీనదాలు. ఆ పల్లాల్లో నిలిచిన నీటిని అక్కడివాళ్లు ‘వాటర్’ అనో ‘మియర్’ అనో పిలుస్తారు. పెద్దవాటిలో ‘లేక్’ అని పేరులోనే ఉన్నది బాసెన్‌త్వైట్ ఒక్కటే. మియర్ అన్నా సరస్సే కనుక ‘విండర్‌మియర్ సరస్సు’ అంటే ఒకే మాట రెండుసార్లు అన్నట్టు. కొండ ఒడిలోని చిన్న నీటిమడుగు ‘టార్న్’. పాత నార్స్ భాష మాట, వైకింగుల వెంట వచ్చింది. దానికి సరితూగే మన మాట కొలను. తమిళ కుళం, కన్నడ కొళ దానికి తోబుట్టువులు. సంస్కృతం నుంచి వచ్చిన ‘సరస్సు’ సరోజాన్ని, సరోవరాన్ని వెంట తెచ్చింది. తామరలు విచ్చే నీటికి పేరైన కొలను ఇవాళ పలకలు పరిచిన ‘ఈతకొలను’లోనే ఎక్కువగా వినిపిస్తోంది. దాన్ని మళ్లీ కొండగాలికి, తేటనీటికి చేర్చుకుందాం.