చూసినవాడు తానీషా, నమ్మినవాడు రామదాసు

క్రితంసారి సెలవులకి ఇండియా వెళ్ళినప్పుడు పిల్లల్ని గోల్కొండ కోటకి తీసుకెళ్ళాను. రామదాసు బందిఖానాలో గోడ మీద ఆయనే చెక్కాడని చెప్పుకునే దేవతామూర్తులను చూపించి, మనందరికీ తెలిసిన కథ చెప్పాను. మా అమ్మాయి అంతా విని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "నాన్నా, రాముడు తానీషా దగ్గరికి వెళ్ళాడు కదా, మరి ఈ గదిలోకి ఎందుకు రాలేదు?"

నాకు జవాబు తోచలేదు. అమెరికా తిరిగి వచ్చాక ఆ చరిత్ర మళ్ళీ మొదటి నుంచీ చదివాను.

రామదాసు అసలు పేరు కంచర్ల గోపన్న. ఖమ్మం జిల్లా నేలకొండపల్లి ఆయన స్వస్థలం. గోల్కొండను పాలించిన చివరి కుతుబ్‌షాహీ సుల్తాను అబుల్ హసన్‌నే మనం తానీషా అంటాం. ఆయన 1672లో గద్దెనెక్కాడు. ఆయన కొలువులో పెత్తనమంతా అక్కన్న మాదన్నలది. వారు గోపన్నకు మేనమామలని చెబుతారు. గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారు అయ్యాడు. భద్రాచలం ఆ పరగణాలోనిదే. అక్కడ పోకల దమ్మక్క అనే భక్తురాలు పుట్టలో దొరికిన విగ్రహాలకు పందిరి వేసి పూజలు చేస్తూ ఉండేదని స్థలపురాణం. ఆ పందిరి చోట గోపన్న గుడి కట్టించాడు, దేవుడికి నగలు చేయించాడు. అందుకు వాడినది ప్రజలు కట్టిన శిస్తు సొమ్ము. ఆరు లక్షల వరహాలని ప్రతీతి.

ఇక్కడ తానీషాను దుర్మార్గుడిగా చూపించడం న్యాయం కాదు. ఖజానాకు చేరాల్సిన డబ్బు చేరకపోతే ఏ ప్రభుత్వమైనా ఊరుకోదు. గోపన్నను చెరలో పెట్టారు. పన్నెండేళ్ళు అందులోనే ఉన్నాడని సంప్రదాయం చెబుతుంది.

ఆ పన్నెండేళ్ళ మాటేమిటన్నదే మా అమ్మాయి ప్రశ్న. పెద్దవాళ్ళు దీనికి ఒక కారణం చెబుతారు. పూర్వజన్మలో ఆయన ఒక చిలుకను పంజరంలో బంధించాడని, ఆ పాపఫలమే ఈ చెర అని. కానీ ఆ సంగతి చెరలో ఉన్న గోపన్నకు ఎవరూ చెప్పలేదు కదా! దెబ్బలు తింటున్న రోజుల్లో ఆయన దగ్గర ఏ కారణమూ లేదు, ఏ దర్శనమూ లేదు. ఉన్నవి కీర్తనలే. వాటిలో ఆయన బతిమాలతాడు. మీ ఆయనతో ఒక మాట చెప్పమ్మా అని సీతమ్మను సిఫారసు అడుగుతాడు. ఏ నగ ఎవరికి చేయించాడో లెక్క అప్పజెప్పి రాముణ్ణి నిలదీసి తిడతాడు. వెంటనే, దెబ్బలకు ఓర్చుకోలేక తిట్టాను, మన్నించమంటాడు. ఎదుటివాడు వింటున్నాడన్న నమ్మకం లేనివాడు అలా పోట్లాడడు. లేడనుకుంటే తిట్టడం కూడా దండగే.

చివరికి ఒక రాత్రి రామోజీ, లక్ష్మోజీ అనే పేర్లతో ఇద్దరు యువకులు వెళ్ళి తానీషాకు బాకీ చెల్లించి రసీదు తీసుకున్నారని కథ. దర్శనం తానీషాకు దక్కింది. రామదాసుకు దక్కింది రసీదు మాత్రమే. ఆయన భక్తి ఆ రసీదు వల్ల వచ్చింది కాదు. చెరలో పాడిన కీర్తనలన్నీ అంతకు ముందువే.

తర్వాతి చరిత్ర ఇంకా ఆలోచింపజేస్తుంది. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలల ముట్టడి తర్వాత గోల్కొండను పట్టుకున్నాడు. తానీషాను దౌలతాబాదు కోటలో బంధించారు. సుమారు పన్నెండేళ్ళు అక్కడే ఉండి, బందీగానే కన్నుమూశాడు. కళ్ళారా చూసినవాడికి కూడా చెర తప్పలేదు.

ఆ తర్వాత వందేళ్ళకు పైగా గడిచాక తిరువయ్యారులో త్యాగరాజస్వామి, రామదాసు బంధాలు తీర్చావని విన్నానని ఒక కృతిలో రాముడికి గుర్తుచేశాడు. ఆయన కూడా విన్నానన్నాడే గాని చూశానని అనలేదు.

నేను సాఫ్ట్‌వేర్ మనిషిని. లాగ్ ఫైలు చూడందే ఏ మాటా నమ్మను. కొన్నేళ్ళ కిందట నాన్నగారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు, వీసా చిక్కుల వల్ల నేను వెళ్ళలేకపోయాను. అమ్మ ఫోన్లో రోజూ "రాముడున్నాడురా" అనేది. ఒకరోజు విసుగొచ్చి, "ఎక్కడున్నాడమ్మా?" అని అరిచాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. "దీపం పెట్టే వేళయింది, తర్వాత చేస్తా" అని ఫోను పెట్టేసింది. నాన్నగారు మాకు దక్కలేదు. ఆయన పోయాక కూడా అమ్మ దీపం పెట్టడం మానలేదు. అప్పట్లో అది నాకు మొండితనంలా కనిపించింది. రామదాసు చరిత్ర చదివాక ఆ మాట అనలేకపోతున్నాను.

ఈ మహాసభల్లో ఏదో ఒక పూట మన పిల్లలెవరో వేదికెక్కి రామదాసు కీర్తన పాడకపోరు. మనం ఆనందంగా తాళం వేస్తాం. అది చీకట్లో కూర్చుని, ఎందుకో తెలియకుండానే, ఎవరూ కనబడకుండానే ఒక మనిషి పాడుకున్న పాట అని ఒక్క క్షణం గుర్తుచేసుకుందాం.

మా అమ్మాయికి ఇన్నాళ్ళకు జవాబు చెప్పాను. "రాముడు ఆ గదిలోకి ఎందుకు రాలేదో నాకు తెలియదమ్మా. రామదాసుకీ తెలియదు. అయినా పాడుతూనే ఉన్నాడు."