రెక్కల అమ్మవారు, బస్రా తాత: మన ఇళ్ళలో మిగిలిపోయిన యుద్ధం

ప్రతి వారం మిమ్మల్ని ఏదో ఒక కోటకో, శాసనం దగ్గరికో తీసుకెళ్తుంటాను కదా. ఇవాళ ఎక్కడికీ వెళ్ళట్లేదు. తాడేపల్లిగూడెం దగ్గర మా అమ్మమ్మ గారింట్లో, దేవుడి మందసం ముందు కూర్చుని మాట్లాడుతున్నాను.

ఈ మందసం పక్క చెక్కకి ఒక గుండ్రటి బిళ్ళ లక్కతో అతికించి ఉండేది. బిళ్ళ మీద రెండు రెక్కలు, చాచిన చేతులతో ఒక స్త్రీ. మా ఇంట్లో ఆవిడ పేరు "రెక్కల అమ్మవారు". పండగ పండగకీ ఇత్తడి సామానుతో పాటు ఆవిడనీ చింతపండుతో తోమి, బొట్టు పెట్టేవాళ్ళు. మొహం ఎప్పుడో అరిగిపోయింది. అదెక్కడిది అని అడిగితే మా అమ్మ, మామయ్య చెప్పే జవాబు ఒక్కటే: "అమ్మమ్మ వాళ్ళ తాత బాసర నుంచి తెచ్చాడు." ఆయన్ని ఊళ్ళో అందరూ "బస్రా తాత" అనేవారట. మిలట్రీలో పనిచేశాడని తెలుసు. బాసర వెళ్ళి సరస్వతీ అమ్మవారిని చూసొచ్చాడు కాబట్టి ఆ పేరొచ్చిందని మేమంతా నమ్మేశాం.

మొన్న మందసానికి చెద పట్టిందని వడ్రంగి చెక్క ఊడదీస్తే బిళ్ళ కింద పడింది. తిప్పి చూస్తే వెనక ఇంగ్లీషు అక్షరాలు. "నాగరికత కోసం జరిగిన మహాయుద్ధం, 1914-1919" అని దాని అర్థం. ఇన్నాళ్ళూ మేం బొట్టు పెట్టింది అమ్మవారికి కాదండి, మొదటి ప్రపంచ యుద్ధం విక్టరీ మెడల్‌కి! ఆ రెక్కల స్త్రీ పాశ్చాత్యుల విజయ దేవత.

ఇక్కడ అసలు విషయం మెడల్ అంచు మీద ఉంది. 36 మిల్లీమీటర్ల బిళ్ళ, దాని అంచు చుట్టూ సన్నటి అక్షరాలు. ముందు ఒక నంబర్, తర్వాత ర్యాంకు "సాపర్", ఆ తర్వాత ఇంగ్లీషు గుమాస్తా తనకి వినపడినట్టు రాసుకున్న ఒక తెలుగు పేరు, చివర్లో "2 క్యూ.వి.ఓ. ఎస్. అండ్ ఎమ్." అంటే సెకండ్ క్వీన్ విక్టోరియాస్ ఓన్ సాపర్స్ అండ్ మైనర్స్. మనం మద్రాస్ సాపర్స్ అంటాం. ఇవాళ్టి బెంగళూరు మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌కి పాత పేరు అదే. సాపర్ల పని వంతెనలు కట్టడం, రోడ్లు వేయడం, కందకాలు తవ్వడం, నీళ్ళు అందించడం.

నేను పాత సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, నా భాషలో చెప్తాను. ఆ నంబరే ప్రైమరీ కీ. పేరు స్పెల్లింగ్ పది రకాలుగా రాయొచ్చు, నంబర్, యూనిట్ రెండూ కలిస్తే మాత్రం మనిషి ఒక్కడే.

ఇప్పుడు "బస్రా" అంటే ఏంటో అర్థమైంది కదా. బాసర కాదు, ఇరాక్‌లోని బస్రా.

కొంచెం చరిత్ర చూద్దాం. 1914 నవంబర్‌లో భారత సైన్యం బస్రాని పట్టుకుంది. అక్కడి నుంచి టైగ్రిస్ నది వెంట పైకి వెళ్ళారు. కుట్ అనే ఊళ్ళో ముట్టడిలో చిక్కుకుని, తిండి లేక, 1916 ఏప్రిల్ 29న దాదాపు 13,000 మంది లొంగిపోయారు. మళ్ళీ బలగాలు కూడగట్టి 1917 మార్చి 11న బాగ్దాద్ చేరారు. ఈ యుద్ధరంగానికి మన దేశం నుంచి కూలీలు, వంటవాళ్ళతో కలిపి దాదాపు 6 లక్షల మంది వెళ్ళారని లెక్క. సిపాయి జీతం నెలకి 11 రూపాయలు. నాగరికత కోసం వెళ్ళారా, ఆ 11 రూపాయల కోసం వెళ్ళారా అంటే నేను రెండోదే అంటాను. అందులో తప్పేమీ లేదు కూడా.

మరి చనిపోయినవాళ్ళ సంగతి? సమాధి కూడా దక్కని 40,000 మందికి పైగా జ్ఞాపకంగా 1929లో బస్రా మెమోరియల్ కట్టారు. బ్రిటిష్ సైనికుల పేర్లు రాతి మీద చెక్కారు. మన ఆఫీసర్ల పేర్లు కూడా చెక్కారు. మామూలు భారతీయ సిపాయిల దగ్గరికొచ్చేసరికి పేర్లు లేవు. ఫలానా రెజిమెంట్, ఇంకా ఇంతమంది, అంతే. ఒట్టి అంకె. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ దీన్ని 2021లో ఒప్పుకుని, క్షమాపణ చెప్పింది.

అదే ప్రభుత్వం, అదే యుద్ధం. రాయి మీద పేరు చెక్కడానికి చోటు లేకపోయింది. బతికొచ్చినవాడి మెడల్ అంచు మీద మాత్రం అక్షరం అక్షరం కొట్టి ఇచ్చారు. మన ఇళ్ళలో మూలన పడున్న ఈ బిళ్ళల్ని నేను అందుకే సీరియస్‌గా తీసుకుంటున్నాను.

అమ్మమ్మ చెప్పిన ఇంకో ముక్క వినండి. "రెండు ఉండేవిరా. తెల్లది నా పెళ్ళికి పట్టీలైపోయింది." ఆ తెల్లది బ్రిటిష్ వార్ మెడల్ అయ్యుంటుంది. ఈ రెండూ జంటగా ఇచ్చేవారు. అది అచ్చమైన వెండి, దాదాపు ఒక ఔన్సు. అమ్మమ్మ వాళ్ళ నాన్న కంసాలికి రెండూ ఇస్తే, ఆయన తెల్లది ఉంచుకుని, "ఇది కంచు, నాకెందుకు" అని దీన్ని వెనక్కిచ్చేశాడట. ధర లేదు కాబట్టి మందసం ఎక్కింది. మన ఒక్క ఇంట్లోనే కాదు, 1980 జనవరిలో వెండి ధర ఆకాశాన్ని తాకినప్పుడు ఇంగ్లండ్‌లో కూడా ఈ వార్ మెడల్స్‌ని గుట్టలుగా కరిగించేశారు. అందుకే ఇవాళ మార్కెట్లో జంట విడిపోయిన విక్టరీ మెడల్స్ అన్ని కనిపిస్తాయి.

మార్కెట్ అన్నాను కదా. హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో పాత సామాన్ల మధ్య ఇలాంటివి వెతికే ఒక కలెక్టర్ గారితో మాట్లాడాను. ఆయన చేతికి మెడల్ ఇస్తే ముందు బొమ్మ చూడడు, అంచు చూస్తాడు. అంచు ఒకచోట పల్చగా ఉంటే అసలు పేరు ఆకురాయితో అరగదీసి వేరే పేరు కొట్టారని అనుమానం. "వస్తువు కొనగలను బాబూ, కథ కొనలేను. అది ఇంటివాళ్ళ దగ్గరే ఆగిపోతుంది" అన్నాడు.

ఇది నాకు బాగా తగిలింది. ఎందుకంటే మా ఇంట్లో కథ కూడా చెడిపోయింది. మాట ఉంది, బస్రా బాసర అయిపోయింది. వస్తువు ఉంది, అమ్మవారు అయిపోయింది. మెడల్‌లో యూనిట్ ఉంది కానీ ఊరు లేదు. తాత పేరులో ఊరు ఉంది కానీ యూనిట్ లేదు. రెండూ పక్కపక్కన పెడితేనే మనిషి దొరికాడు.

మా దగ్గర్లోనే మిలటరీ మాధవరం ఉంది. తరతరాలుగా సైన్యానికి మనుషుల్ని పంపిన ఊరు. అక్కడ స్మారకం ఉంది కాబట్టి గుర్తుంది. స్మారకం లేని ఊళ్ళకి మీ ట్రంకు పెట్టెలే దిక్కు. ఇంట్లో ఇలాంటిది దొరికితే ఏం చేయాలో చెప్తాను.

తోమకండి. మేం చేసిన తప్పు అది. బ్రాసో వద్దు, చింతపండు వద్దు. మెత్తటి పొడి గుడ్డ చాలు. పీవీసీ కవర్లలో పెడితే లోహానికి పచ్చటి జిడ్డు పడుతుంది. రిబ్బన్ ఎండకి వెలిసిపోతుంది. ఉత్తరాలు, ఫోటోలు లామినేషన్ చేయించకండి. రెండు మూడు మెడల్స్ ఉంటే విడదీయకండి.

తూటాలు, గ్రెనేడ్ లాంటివి దొరికితే మాత్రం ముట్టుకోకుండా పోలీసులకి చెప్పండి. లైసెన్స్ లేకుండా తూటా ఉంచుకోవడం కూడా నేరమే.

మా మామయ్య ఫోటో ఆన్‌లైన్లో పెడితే ఒక విదేశీ కలెక్టర్ మంచి రేటే చెప్పాడు. మామయ్య ఊగాడు, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన చారిత్రక వస్తువుని మనలాంటివాళ్ళు దేశం దాటించకూడదు. మొదటి యుద్ధం మెడల్స్‌కి ఇప్పుడు నూరేళ్ళు దాటాయి.

చివరికి నిర్ణయం అమ్మమ్మదే. ఆవిడకి ఎనభై ఏళ్ళు. ఫోన్‌లో రెండు గంటలు రికార్డు చేశాను. అందులో సగం యుద్ధం గురించి కానే కాదు, తాత గొడుగు గురించి, చుట్ట గురించి. అన్నీ ఉంచాను. మెడల్‌ని మళ్ళీ మందసంలోనే పెట్టమంది, ఈసారి లక్క లేకుండా, గుడ్డలో. "అమ్మవారు కాదు కదా అమ్మమ్మా" అంటే, "అయితే ఏం, మా తాతే కదరా" అంది.

కాబట్టి ఈ వారం మీకు ఒక్కటే పని. ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర కూర్చోండి, ఆ పెట్టె తెరవమనండి, రికార్డ్ నొక్కండి. వాళ్ళు చెప్పింది తప్పని అప్పుడే అనకండి. బాసర అన్నా సరే, అలాగే రాసుకోండి. ఎందుకంటే ఆ తప్పులోంచే నాకు బస్రా దొరికింది.

మళ్ళీ వారం కలుద్దాం. ఉంటానండి.